ఉంచుకొనే ముక్క, వదులుకొనే ముక్క

దంతెవాడలో శంఖినీ డంకినీ నదులు కలిసే చోట దంతేశ్వరీ దేవి ఆలయం ఉన్నది. ఆ ఆలయానికి మైలు దూరంలో, పెంకుల కప్పు గల ఒక చిన్న ఇంటి ముందుగదిలో, 2023 మే నెలలో ఒక మధ్యాహ్నం, డెబ్బై మూడేళ్ళ వృద్ధుడు, పందొమ్మిదేళ్ళ ఆయన మనవడు చాప మీద ఎదురెదురుగా కూర్చొని ఉన్నారు. చుట్టూ సగం నిండిన అట్టపెట్టెలు, గోనెసంచులు, ఇత్తడి సామాను. ఇల్లు అమ్ముడుపోయింది. పది రోజులలో ఖాళీ చేసి ఇవ్వాలి. రెండు వారాలుగా సర్దుతున్నా ఒక్క పెట్టెకైనా తాడు పడలేదు. ఉదయం పెట్టెలో పెట్టిన వస్తువు సాయంత్రానికి బయటికి వచ్చేది. దాని స్థానంలో మరొకటి లోపలికి పోయేది.

ఆ పెద్దమనిషి శ్రీకాకుళం జిల్లా నుండి 1971లో, ఇరవై ఒకటో ఏట, కిరందుల్ ఇనుప గనిలో ఫిట్టరుగా చేరడానికి వచ్చారు. బైలాదిలా అంటే అక్కడి భాషలో ఎద్దు మూపురం అని అర్థం. మూపురం వంటి ఆ కొండలలోని మేలైన ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు, అక్కడి నుండి జపానుకు చేర్చడం కోసం 1960 దశకంలో కొత్తవలస నుండి కిరందుల్ వరకు, తూర్పు కనుమలను తొలుచుకొంటూ రైలుమార్గం వేశారు. ఆ రైలు ఖనిజాన్ని దిగువకు కొనిపోయింది. మనుషులను ఎగువకు తెచ్చింది. అలా వచ్చినవారిలో ఆయన ఒకరు. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు ఇటు వచ్చి బస్తరు రాజ్యాన్ని నెలకొల్పాడన్న కథను, గనిలో కొత్తగా చేరిన ప్రతి తెలుగువానికీ ఆయన చెప్పేవారు. "మనకు ఏడు వందల ఏళ్ళ ముందే మనవాళ్ళు ఈ దారి పట్టారు. మనం కొత్త కాదు" అని ముగించేవారు.

2010లో పదవీ విరమణ కాగానే క్వార్టరు ఖాళీ చేసి, దంతెవాడలో కట్టుకొన్న ఈ ఇంటికి వచ్చారు. పదకొండేళ్ళు దంపతులిద్దరూ ఇక్కడ ఉన్నారు. 2021 చివరలో భార్య కాలధర్మం చెందింది. విశాఖపట్నంలో కుమారునిది రెండు గదుల వాటా. "ఒక్కడివీ ఉండవద్దు నాన్నా" అని అతడు ఏడాదిన్నరగా బతిమాలుతున్నాడు. చివరికి ఆయన సరే అన్నారు. అయితే సరే అనడం వేరు, సర్దుకొనడం వేరు. అందుకే సాయపడమని కుమారుడు తన కొడుకును పంపాడు.

హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్న ఆ కుర్రవాడు ఒక భుజసంచితో, ముఖాన ఏదో ముభావంతో రైలు దిగాడు. అతని సంచిలో బట్టలకంటె భద్రంగా చుట్టిన ఒక పెట్టె ఉన్నది. మూడవ రోజున తాతగారు దానిని చూచారు.

"ఏమిట్రా అవి?"

"పేక లాంటివే, తాతయ్యా."

పేక అన్న మాట చెవిని పడగానే పెద్దాయన చేతిలోని ఇత్తడి చెంబును కింద పెట్టారు. ముప్పై తొమ్మిదేళ్ళు గనిలో పనిచేసిన ఆయనకు ఆదివారాలు కాలనీ క్లబ్బులో, పందెం లేకుండా, రమ్మీ ఆడటం ఒక్కటే వినోదంగా ఉండేది.

అది మామూలు పేక కాదు. ముక్క ముక్కకూ వేరు వేరు బొమ్మ. ప్రతి బొమ్మ కింద నాలుగు పంక్తుల రాత. ఆట పేరు మ్యాజిక్ ద గ్యాదరింగ్. 1993లో అమెరికాలో రిచర్డ్ గార్ఫీల్డ్ అనే గణితశాస్త్రవేత్త దానిని రూపొందించాడు. నాటి నుండి నేటివరకు ఇరవై వేలకు పైగా వేరు వేరు ముక్కలు అచ్చు వేశారు. వాటిని చిన్న పొట్లాలలో అమ్ముతారు. ఏ పొట్లంలో ఏ ముక్క వస్తుందో విప్పేవరకు తెలియదు. సామాన్యమైనవి ఎక్కువ, అరుదైనవి తక్కువ. తనవద్ద ఎక్కువైనవి ఇచ్చి, లేనివి తెచ్చుకొనడం ఆటగాళ్ళ మధ్య నిత్యం జరిగే మారుబేరం.

మన దేశానికి చీట్లాట కొత్త కాదు. 1527లో బాబరు తన మిత్రుడొకనికి గంజీఫా చీట్లు పంపినట్లు తన స్మృతులలో వ్రాసికొన్నాడు. తరువాత మన చిత్రకారులు దశావతారాలను గుండ్రని చీట్ల మీదికి దించారు. అవతారానికి పన్నెండు వంతున 120 చీట్లు. అయితే గంజీఫా కానీ, రమ్మీ కానీ, అందరూ ఆడేది ఒకే పేకతో. కలపడం, కోయడం, పంచడం అయిన తరువాతనే ఆట మొదలవుతుంది. ఈ కొత్త ఆటలో ఎవరి పేక వారిదే. ఇరవై వేల ముక్కలలో తనకు దొరికిన వాటి నుండి ఏరుకొని, ఎవరికి వారు పేక కట్టుకొని రావాలి. అందుచేత పంచకముందే సగం ఆట ముగిసిపోతుంది.

"నీ పేక ఎట్లాంటిది?" అని అడిగారు తాతగారు.

కుర్రవాడు వెంటనే జవాబు చెప్పలేదు. హైదరాబాదులో ఒక ఆటవస్తువుల దుకాణం మేడ మీద వారం వారం పోటీ జరుగుతుంది. వచ్చేముందు జరిగిన పోటీలో అతడు నాలుగు ఆటలకు నాలుగూ ఓడిపోయాడు. అంతకుముందు వారం కూడా అంతే. చదువులోను ఆ ఏడాది రెండు పేపర్లు పోయాయి. ఎందులో చెయ్యి పెట్టినా ఇంతే అన్న తలంపు ఆ వయసులో త్వరగా వేళ్ళూనుతుంది. "దురదృష్టం తాతయ్యా. నాకు ముక్క పడదు" అన్నాడు.

పెద్దాయన నవ్వారు. "1967లో మన రమ్మీ సుప్రీంకోర్టు దాకా పోయింది, తెలుసునా?" అన్నారు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద ఆంధ్రప్రదేశ్ పోలీసులు పెట్టిన కేసు అది. రమ్మీ కేవలం అదృష్టం మీద నడిచే ఆట కాదని, పడిన ముక్కలను జ్ఞాపకం పెట్టుకొనడంలోను, ఏ ముక్క ఉంచుకోవాలో ఏది పారవేయాలో తేల్చుకొనడంలోను నేర్పు కావాలని, ప్రధానంగా అది నైపుణ్యానికి సంబంధించినదని న్యాయస్థానం తీర్పు చెప్పింది. పేకాటను ఇష్టపడే తెలుగువారెందరో ఈ తీర్పును కంఠస్థం చేసికొన్నారు. "ముక్క పడలేదని ఏడ్చేవాడి చేతిలో ఎప్పుడూ పారవేయవలసిన ముక్క ఒకటి ఉంటుంది. పరువు, చూద్దాం" అన్నారు.

చాప మీద ముక్కలు పరిచారు. మొత్తం 71.

ఈ ఆటలో పేకకు 60 ముక్కలకు తగ్గరాదు. ఎక్కువ ఉన్నా తప్పు లేదు. కుర్రవానికి ఏ ముక్కనూ వదులుకొన బుద్ధి పుట్టలేదు. ఇదొకటి ఉంటే మంచిదని ఒక్కొక్కటి చేర్చుకొంటూ పోయాడు. ఒకే పేరు గల ముక్కను నాలుగుకు మించి పెట్టుకొనరాదన్నది మరొక నియమం. దానికి ముఖ్యమైన మినహాయింపు ప్రాథమిక భూమి ముక్కలు. పర్వతం, అడవి, మైదానం, ద్వీపం, చిత్తడి నేల అని అవి అయిదు రకాలు. వంతుకు ఒక భూమిని పరవవచ్చును. ఏ వీరుణ్ణి దింపాలన్నా, ఏ మంత్రం వేయాలన్నా దానికి వెల ఉంటుంది. ఆ వెలను చెల్లించేది భూమే. చిన్న యోధునికి ఒక భూమి చాలు. ఒక మహాసర్పానికి ఆరు కావాలి. భూమి లేనివాని చేతిలో ఎంత గొప్ప ముక్క ఉన్నా అది బొమ్మ మాత్రమే.

కొండల నడుమ పుట్టిన తండ్రికి కొడుకు గనుకనో ఏమో, కుర్రవాడు ఏరుకొన్నవి పర్వతాలు, అడవులు. అయితే అవి మొత్తం పదిహేడే. నలభై ముక్కలతో ఆడే మరొక పద్ధతిలో పదిహేడు భూములు పెట్టుకొనడం వాడుక. ఆ సంఖ్య ఎక్కడో చదివి, 71 ముక్కల పేకకు అతికించాడు.

తాతగారు లెక్కలు చదివినవారు కారు. కాని యంత్రం ఎందుకు ఆగిపోతున్నదో తెలిసికొనడానికి, ఆగిన ప్రతిసారీ పుస్తకంలో వ్రాసికొనడం ఆయన వృత్తి. పాత నోటుపుస్తకం తెరిచారు. "కలిపి ఏడు ముక్కలు తియ్యి. భూములెన్నో చెప్పు. మళ్ళీ కలుపు" అన్నారు. ఇట్లా ఇరవై సార్లు. తొమ్మిది సార్లు చేతిలో ఒక్క భూమి గాని, అసలు లేకపోవడం గాని జరిగింది.

"ఇరవైలో తొమ్మిది మార్లు నువ్వు ఆట మొదలు కాకముందే ఆగిపోతున్నావు. ఇది దురదృష్టమా? నేను కట్టిన బెల్టు ఇట్లా ఆగితే నన్ను ఇంటికి పంపేవారు."

లెక్క కట్టినా సుమారు అంతే వస్తుంది. 71 ముక్కలలో 17 భూములుంటే, తొలి ఏడు ముక్కలలో ఒకటి గాని సున్న గాని రావడానికి అవకాశం నూటికి 46 పాళ్ళు. అదే 60 ముక్కలలో 24 భూములుంటే నూటికి 14, అనగా సుమారు ఏడింట ఒకటి. చెయ్యి బాగా లేకపోతే తిరిగి కలిపి మరొక ఏడు తీసికొనే సౌకర్యం ఉన్నది. కాని అట్లా తీసికొన్న ప్రతిసారీ ఒక ముక్కను పేక అడుక్కు చేర్చాలి. ఇన్నాళ్ళు తాను అదృష్టమని పిలిచినది తన చేతులారా కట్టుకొన్న పేకయే అని కుర్రవాడు ఆ నోటుపుస్తకంలోని గీతలలో చూచాడు.

భూములు 24 చేయాలి. మొత్తం 60కి దిగాలి. అంటే 54 ఇతర ముక్కలలో 36 మాత్రమే మిగలాలి. పద్దెనిమిదింటిని తీసివేయాలి.

అప్పుడు పెద్దాయన తన తొలి ఏడాది ముచ్చట చెప్పారు. ఉద్యోగంలో చేరిన వారంలో కొండ మీదికి పిలుపు వచ్చింది. ఏది అవసరమవుతుందో తెలియక స్పానర్లన్నీ సంచిలో వేసికొని బయలుదేరారు. సగం దారిలో పెద్ద మేస్త్రీ ఆపి, సంచిని రోడ్డు మీద బోర్లించాడు. ఒక్కొక్క పనిముట్టును ఎత్తి, "ఇది ఎప్పుడు కావాలి?" అని అడిగాడు. 'ఒకవేళ' అని ఆరంభమైన జవాబులన్నింటినీ పక్కన పెట్టాడు. మిగిలినవి ఎనిమిది. "నలభై ఏళ్ళు ఆ ఎనిమిదితోనే బతికాను" అన్నారు.

ఇక అదే ప్రశ్న ముక్క ముక్కకూ సాగింది. "ఇది ఎప్పుడు కావాలి?" "ఎదుటివాడు ఎగిరే యోధుణ్ణి దింపితే, తాతయ్యా." "వాడు దింపకపోతే?" కుర్రవాడు మాట్లాడక ఆ ముక్కను పక్కకు జరిపాడు. అటువంటి వాటికి ఈ ఆటలో వేరే చోటు ఉన్నది. 60 ముక్కలు కాక మరొక పదిహేనింటిని పక్కన ఉంచుకొనవచ్చును. మూడింట రెండు గెలిచే పోటీలో మొదటి ఆట అయిన తరువాత, ఎదుటివాని పేక ఎటువంటిదో తెలిసికొని, వాటిలో కావలసినవి లోపలికి తెచ్చుకొనవచ్చును. పక్కన పెట్టడం పారవేయడం కాదు.

మిగిలిన వాటిని వెలను బట్టి వరుసలుగా పేర్చారు. ఒక భూమితో దిగేవి ఎనిమిది, రెండింటివి పన్నెండు, మూడింటివి ఎనిమిది, నాలుగింటివి నాలుగు, అయిదింటివి నాలుగు. తొమ్మిది రకాలు, రకానికి నాలుగు వంతున, 36. పేకలో నాలుగు సార్లు ఉన్న ముక్క తొలి ఏడింటిలో కనపడటానికి నూటికి 40 పాళ్ళు అవకాశం. ఒక్కసారే ఉన్నదానికి నూటికి 12 మాత్రమే. 24 భూములుంటే, ముందుగా ఆడేవాడు నాలుగవ వంతుకు చూచిన పది ముక్కలలో సగటున నాలుగు భూములు ఉంటాయి. తాతగారు తిరిగి ఇరవై సార్లు తీయించారు. ఈసారి ఆగినవి మూడు.

అంతా అయిన తరువాత చాప అంచున ఒక ముక్క మిగిలింది. మంటలు కక్కుతున్న ఎర్రని మహాసర్పం. వెల ఆరు భూములు. అరుదైన ముక్క. ఉన్నది ఒక్కటే. హైదరాబాదులో ఒకతను దీనికి బదులు పన్నెండు మంచి ముక్కలు ఇస్తానన్నాడు.

"ఇది ఎప్పుడు కావాలి?" అన్నారు తాతగారు యథాలాపంగా.

కుర్రవాని గొంతు మారింది. "2021 సంక్రాంతికి నానమ్మ ఐదు వందలిచ్చింది గదా. ఆ డబ్బుతో కొన్న పొట్లంలో వచ్చింది."

పెద్దాయన ఏమీ అనలేదు. లేచి, లోపలి గదిలోనికి పోయారు. అక్కడ కిటికీ కింద కుట్టుమిషను ఉన్నది. రెండు వారాలుగా అది ఏ పెట్టెలోను పట్టలేదు. ఆయన దానిని ఎవరికీ ఇవ్వలేదు. దాని సొరుగులో నుండి ఆయన ఒక పాత పేక తెచ్చి మనవని ముందు పెట్టారు. క్లబ్బు పేక అది, అంచులు మెత్తబడిపోయాయి. అందులో ఆఠీను ఏడు ఎప్పుడో పోయింది. ఆమె ఒక అట్టముక్కను కొలత ప్రకారం కత్తిరించి, కుంకుమరంగు సిరాతో ఏడు గుర్తులు దిద్ది ఇచ్చింది. మందం తేడా వలన ఆ ముక్క ఎవరి చేతిలో ఉన్నదో బల్ల చుట్టూ ఉన్న నలుగురికీ తెలిసిపోయేది. ఏ ముక్కా గుర్తుపట్టరానిదిగా ఉండాలని నేటి ఆటగాళ్ళు ప్రతిదానికి ప్లాస్టిక్ తొడుగు వేస్తారు. ఆయన స్నేహితులు మాత్రం ఆ ఏడు ఎవరికి వచ్చినా చూడనట్లు ఊరుకొనేవారట.

"ఆటకు పనికివచ్చే ముక్క వేరు, దాచుకొనే ముక్క వేరు. రెంటినీ ఒకే పేకలో కలపకు. అట్లాగని దీనిని పన్నెండు ముక్కలకు అమ్మనూ వద్దు" అన్నారు.

కుర్రవాడు మహాసర్పాన్ని తన జేబులోని పర్సులో పెట్టుకొన్నాడు. అనంతరం ఇంటి నిండా ఉన్న సామాను వంక చూచి, మెల్లగా అడిగాడు: "మరి ఈ పేక సంగతి ఏమిటి, తాతయ్యా?"

ఆ సాయంత్రం నోటుపుస్తకంలో మరొక పుట తెరుచుకొన్నది. విశాఖపట్నం వెళ్ళవలసినవి అరవై; ఆ సంఖ్య మనవడు పెట్టినదే. పొరుగింట దాచి, తరువాత అవసరాన్ని బట్టి తెప్పించుకొనవలసినవి పదిహేను. మిగతావి ఇచ్చివేయవలసినవి. ప్రతి వస్తువునూ ఎత్తి కుర్రవాడు తాతగారి ప్రశ్ననే ఆయనను అడిగాడు. మూడు గంగాళాలలో ఒకటి మిగిలింది. రోలు కొత్త యజమానికే వదిలారు. ఎనిమిది స్పానర్లు అరవైలో చేరాయి. ఎప్పుడు కావాలని మనవడు అడగలేదు.

చివరకు కుట్టుమిషను వద్ద ఇద్దరూ ఆగారు. ఆయన చాలాసేపు దాని చక్రం మీద చెయ్యి వేసి నిలుచున్నారు. అది ఏడాదిన్నరగా తిరగలేదు. పొరుగింటి కోడలు పెళ్ళయిన కొత్తలో ఈ మిషను మీదనే కుట్టడం నేర్చుకొన్నది. "ఆమెకిద్దాం. అక్కడైతే తిరుగుతుంది" అని ఆయనే అన్నారు. ఆ మాట అన్న మరుక్షణం ఆయన కళ్ళు తుడుచుకొన్నారు. కాని మాట వెనక్కి తీసికొనలేదు. సొరుగులోని పేక మాత్రం చొక్కా జేబులోనికి వెళ్ళింది. అరవైలో గాని, పదిహేనులో గాని దానిని వ్రాయలేదు.

తొమ్మిదవ రోజుకు పెట్టెలన్నింటికీ తాళ్ళు పడ్డాయి. పదవ రోజు ఉదయం ఇద్దరూ దంతేశ్వరీ దర్శనం చేసికొని, రైలెక్కారు. యాభై రెండేళ్ళ క్రితం ఒక సంచితో ఎక్కి వచ్చిన సొరంగాల దారిలోనే ఆయన దిగువకు వెళ్ళారు.

జూన్ నెలలో ఒక రాత్రి హైదరాబాదు నుండి ఫోను వచ్చింది. నాలుగు ఆటలలో మనవడు రెండు గెలిచాడు, రెండు ఓడాడు. ఓడినవాటిలో ఒకటి తన తప్పే: పక్కకు తీసిన ముక్కలలో కావలసినదానిని లోపలికి తేవడం మరిచాడు. రెండవదానిలో వరుసగా రెండు సార్లు భూమి పడలేదు. "ఏడింట ఒకటి అన్నాం గదా తాతయ్యా, ఆ ఒకటి ఇవాళ వచ్చింది" అన్నాడు. ఆ కంఠంలో పాత ముభావం లేదు. పోయిన రెండు పేపర్లకు సైతం ఒక నోటుపుస్తకం పెట్టానని, ఎక్కడ ఆగిపోతున్నానో వ్రాసికొంటున్నానని చెప్పాడు.

"నువ్వు దురదృష్టానికి చోటు తగ్గించావు. తలుపు మూయడం ఎవరి తరమూ కాదు" అన్నారు పెద్దాయన.

ఫోను పెట్టేసి ఆయన తిరిగి బాల్కనీలోనికి వచ్చారు. అక్కడ అదే అంతస్తులో నివసించే ముగ్గురు వృద్ధులు ఆయన కోసం ఎదురుచూస్తున్నారు. మధ్యాహ్నాలలో రమ్మీ ఆడే అలవాటు వారికి అప్పుడే ఏర్పడింది. ఆయన పేక కలిపారు, పక్కాయన కోశాడు, ముక్కలు పంచారు. ఎదుట కూర్చొన్నవాని చేతిలో ఒక ముక్క మిగతావాటికంటె మందంగా, అట్టరంగులో కనిపించింది. అందరూ దానిని చూచారు.

"ఇదేమిటండీ?" అని అడిగాడు అతడు.

"ఆఠీను ఏడు. మా ఆవిడ చేసింది. కనపడినా చూడనట్లు ఊరుకోవాలి, అది మా క్లబ్బు నియమం" అన్నారు పెద్దాయన, తన ముక్కలను సర్దుకొంటూ.